జపాన్ యాక్టర్లు సినిమాల గంత సైలెంట్, సీరియల్ల గంత లొల్లి ఎందుకు?

ఓరుగల్లు_పోరడు:
అన్నలు అక్కలు జర ఒక డౌట్ క్లియర్ చెయ్యుండ్రి. మొన్న ఆదివారం వాన ఇడుస్తలేదని హన్మకొండల ఇంట్లనే ఉండి ‘పర్‌ఫెక్ట్ డేస్’ (2023) అనే జపాన్ సినిమా పెట్టిన. కోజి యకుషో, టోక్యోల పబ్లిక్ టాయిలెట్లు కడిగే పెద్దమనిషి, పొద్దుగాల లేస్తడు, మొక్కలకు నీళ్ళు కొడతడు, పనికి పోతడు, వచ్చి పుస్తకం చదువుకుంట పంటడు, తెల్లారితే మళ్ళ గదే. మా అమ్మ పక్కన చిక్కుడుకాయ తుంచుకుంట కూసున్నది, అర్ధగంట అయినంక “మూగోడా ఏందిరా ఈయన” అన్నది, కానీ లేసి పోలే. ఆఖర్ల బండి నడుపుకుంట పాట వినుకుంట నవ్వుడు ఏడ్సుడు రెండు ఒక్క మొఖంల వస్తయి, గప్పుడు అమ్మ చేతుల కాయ గట్లనే ఆగింది.

సరే ఈయనవి ఇంకేమున్నయని వెతికితే ‘వివాంట్’ అనే సీరియల్ దొరికింది, అది కూడా 2023దే. ఈయన అండ్ల విలన్ గ్యాంగ్ లీడర్, ఈయన కొంచెం తగ్గే చేసిండు గానీ మొత్తం సీరియల్ మాత్రం మస్తు హడావిడి. అండ్ల హీరో మసాటో సకాయ్ నచ్చి ఆయన పాతది ‘హంజావా నావోకి’ పెట్టిన, అది ఇంకో లెవల్. బ్యాంకుల లోన్ ఫైల్ గురించి మాట్లాడుకుంటుంటే ఫ్యాక్షన్ సినిమాల తొడ కొట్టినట్టు ఉన్నది, కండ్లు గుడ్లు బయటికి, మొఖం టీవీల పడ్తలేదు. ఒక్క దేశపోళ్ళే కదా, గింత తేడా ఎందుకు?

తంగేడుపువ్వు:
ఓవరాక్షన్ తమ్మీ, ఇంకేం లేదు. హంజావా నేను మూడు ఎపిసోడ్లకే బంద్ చేసిన. కాకపోతే సీరియల్ అంటే లొల్లే అని అన్నిటిని ఒక్క గాటన కట్టకు. ‘మిడ్‌నైట్ డైనర్’ చూడు, రాత్రి పన్నెండు నుంచి పొద్దుగాల ఏడు దాంక నడిచే చిన్న హోటలు, ఓనర్‌గా కవోరు కొబయాషి మొఖం మీద కత్తి గాటు పెట్టుకోని ఊకె సిగరెట్ తాగుకుంట వచ్చినోళ్ళ కథలు వింటడు, అంతే. ‘ఫస్ట్ లవ్’ (2022) తొమ్మిది ఎపిసోడ్లే, హికారి మిత్సుషిమా టాక్సీ నడుపుకుంట ఒక్క చూపుతోని ఏడిపిస్తది. మన సీరియల్ తొమ్మిదో ఎపిసోడ్‌కు అత్త ఇంకా మెట్లు దిగుతనే ఉంటది.

జమ్మికుంట_రిటైర్డ్_సార్:
అమ్మా, ఓవరాక్షన్ అని తీసిపారెయ్యొద్దు. హంజావాల చివరికి మోకాళ్ళ మీద పడి నెత్తి నేలకు ఆనించే బ్యాంకు డైరెక్టర్ ఓవాదా ఉన్నడు చూసినవా, ఆ వేషం కట్టింది తెరుయుకి కగావా, ఆయన కబుకి అనే జపాన్ పాత నాటకాల ఖాన్‌దాన్ మనిషి, నలభై దాటినంక 2012ల కబుకి స్టేజ్ ఎక్కిండు. ఇన్‌కమ్‌ట్యాక్స్ ఆఫీసరుగా చేసిన ఐనోసుకె కతావొకా కూడా కబుకి ఆయనే. కబుకిల ‘మియె’ అని ఉంటది, కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు యాక్టర్ ఒక్కసారి బిగుసుకపోయి మెల్లకన్ను పెట్టి నిలబడ్తడు, పక్కన ఒకాయన కట్టెలతోని టకటక కొడ్తడు. మా చిన్నప్పుడు ఊర్ల చిందు భాగోతం ఆడితే పెట్రోమాక్స్ లైటు వెలుతుర్ల ఆఖరున కూసున్న ముసల్దానికి కూడా కోపం కనబడాలె కదా, అందుకే కిరీటం పెట్టుకోని గంతులు, మొఖం నిండ రంగు, గొంతు ఊరవతలికి ఇనబడ్తుండె, దాన్ని ఎవ్వరన్న ఓవరాక్షన్ అన్నరా? తేడా ఏందంటే చిందుల ఆడోళ్ళు కూడా ఆడుతరు, కబుకిల అన్ని వేషాలు మగోళ్ళవే.

ఇంకోటి, సినిమా అంటే సైలెంట్ అనేది కూడా తప్పే. కరీంనగర్ల ఫిల్మ్ సొసైటీ షోలకు బస్సెక్కి పోయెటోన్ని, ‘సెవెన్ సమురాయ్’ల మిఫునె ఎగురుడు దుంకుడు చూస్తే నీ హంజావా పిల్లగాడు. అటు అవ్వల్ మౌనం కావాలంటే ఓజు అనే డైరెక్టర్ తీసిన ‘టోక్యో స్టోరీ’ (1953) చూడు, చిషు ర్యూ డెబ్బై ఏండ్ల తండ్రి లెక్క ఉంటడు, అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలే.

మంచిర్యాల_టు_ఒసాకా:
ముందుగాల అది వివాంట్ కాదు అన్నా, ఇక్కడ ‘వివాన్’ అంటరు. సార్ చెప్పింది కరెక్టే గానీ నా పాయింట్ వేరే, మీరు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తోని చూస్తుండ్రు కదా, సగం అండ్లనే పోతది. జపాన్‌ల ‘నేను’ అనేదానికే వతాషి, బొకు, ఒరె అని రకరకాలు, ఎవరితోని మాట్లాడుతున్నమో దాన్ని బట్టి మారుతది. హంజావా పై ఆఫీసర్‌తోని మర్యాదగా మొదలువెట్టి నడుమల మాట మోటుగ మార్చిండంటే ఇక్కడోళ్ళకు ఒళ్ళు జల్లుమంటది, ఇంగ్లిష్‌ల అంతా ఒక్కతీరుగనే ఉంటది కాబట్టి మీకు ఉత్త అరుపే ఇనబడ్తది. తెలుగుల రాస్తే ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దిగినట్టు పెట్టొచ్చు, ఎవ్వరు పెడ్తలేరు. నేను పనిచేసే కాడ అయితే బాస్ మీద ఎవ్వరు గొంతు లేపరు, తప్పయితే వంగి సారీ చెప్పుడే. టీవీల ఒకడు బాస్‌ను నిలబెట్టి అడిగితే కడుపుల సల్లగుండదా మరి? 2013ల హంజావా ఆఖరి ఎపిసోడ్‌కు టోక్యో దిక్కు 42.2 శాతం రేటింగ్ వచ్చింది.

తంగేడుపువ్వు:
చిందు కథ ఒప్పుకుంట సార్, కానీ చిందు దూరంకెళ్ళి చూసేది, టీవీ కెమెరా ముక్కు కాడ ఉంటది. నేనైతే మళ్ళ పెట్ట.

ఓరుగల్లు_పోరడు:
మస్తు చెప్పిండ్రు. సార్, మా అమ్మ “ఆ సండాసులు కడిగేటాయనది ఇంకోటి పెట్టు” అంటుంది, ఏం పెట్టాలె?

జమ్మికుంట_రిటైర్డ్_సార్:
‘షల్ వి డాన్స్’ 1996ది పెట్టు, ఆఫీసుల పనిచేసే మనిషి ఇంట్ల చెప్పకుంట డాన్స్ నేర్చుకుంటడు, మీ అమ్మ నవ్వుతది. అన్నట్టు యకుషో అసలు పేరు కాదు, ఆ మాటకు అర్థమే సర్కారు ఆఫీసు. యాక్టర్ కాకముందు టోక్యోల చియోదా వార్డ్ ఆఫీసుల పనిచేసెటోడు, గురువు నకదాయ్ అందుకే ఆ పేరు పెట్టిండు.

ఓరుగల్లు_పోరడు:
ఇది అమ్మకు చెప్పిన సార్. “గవర్నమెంట్ నౌకరి ఇడిసిపెట్టి వచ్చిండా, గాయన పెండ్లాం ఏమన్లేదా” అని అడుగుతుంది.