రూబీల చిన్న కోడింగ్ ఏజెంట్, పాత మెసేజ్‌లు ఎట్ల తగ్గించాలె?

అన్నలు, అక్కలు, జర సాయం కావాలె. మాది మిర్యాలగూడ, ఇక్కడ ఒక రైస్ మిల్లుల వడ్ల తూకం లెక్కల స్క్రిప్టులు చూస్త, వాటిని సవరించేతందుకు చిన్న ఏఐ ఏజెంట్ రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషల రాస్తున్న. మోడల్‌కు మెసేజ్‌లు పంపుడు, అది టూల్ (ఫైల్ చదువుడు, మార్చుడు లాంటి పని చేసే ఫంక్షన్) అడిగితే నడిపి రిజల్ట్ మళ్ల కలిపి పంపుడు, అడగకపోతే లూప్ ఆపుడు, అంతే. కంప్యూటర్ల ఏ కమాండైనా నడిపే షెల్ టూల్ కావాలనే ఇయ్యలేదు, లెక్కలు చెడితే రైతుల పైసలకాడ లొల్లయితది.

తిప్పలేందంటే ప్రతిసారి మొత్తం హిస్టరీ పంపాలె కదా, పెద్ద ఫైల్ చదివిచ్చినప్పుడల్లా టోకెన్ల (మోడల్ టెక్స్ట్‌ను లెక్కగట్టే చిన్న ముక్కలు) ఖర్చు పెరుగుతనే ఉంటది, లోపల తెలుగు కామెంట్లు ఉంటే ఇంకా ఎక్కువ తింటయి. పాతయి కోద్దామంటే టూల్ కాల్ ఒకదిక్కు, దాని రిజల్ట్ ఒకదిక్కు తెగి ఏపీఐ (మోడల్‌కు మెసేజ్‌లు పంపే దారి) ఎర్రర్ ఇస్తున్నది. జంటను అట్లనే ఉంచి రిజల్ట్ లోపలి టెక్స్ట్ మాత్రం "పాతది, కావాలంటే మళ్ల చదువు" అని మారిస్తే మోడల్ సరిగ్గ నడుస్తదా, లేకపోతే దానితోనే పాత మెసేజ్‌ల సారాంశం రాయించుడు మేలా? ఇంకోటి, మార్చాల్సిన ముక్క ఫైల్ల రెండు చోట్ల ఉంటే మీరైతే మోడల్‌కు ఎర్రర్ పంపుతరా, లైన్ నంబర్ అడుగుతరా? చేసి చూసినోళ్లు చెప్పండి, వేరే జెమ్‌లు (రూబీకి బయటి లైబ్రరీలు) వద్దు, ఉత్త రూబీతోనే కావాలె.