నిజాయితీకి విలువిచ్చే మనిషి జబ్బు సంగతి దాచొచ్చా?

నిక్కచ్చి:
ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బని రిపోర్టు వస్తే ఆ మనిషికి తప్ప అందరికీ చెబుతారు. ఇలా చేసేవాళ్లలో చాలామంది మామూలప్పుడు చిన్న అబద్ధం కూడా ఆడనివాళ్లే. నిజం చెబితే మనకేమీ పోనిచోట చెప్పడం గొప్ప కాదు. నిజమే చెప్పాలని కట్టుబడ్డవాళ్లు అబద్ధపు దారులు ముందే మూసుకుంటారు కాబట్టి నిన్న ఎవరికి ఏం చెప్పామో గుర్తుపెట్టుకునే బాధ వాళ్లకుండదు. దాచేవాళ్లకి ఆ సుఖం లేదు. ఫైలు ఎక్కడ పెట్టాలి, ఫోన్ ఎవరు ఎత్తాలి, ఏ బంధువు నోరు జారతాడు, రోజంతా ఇదే టెన్షన్. కొన్నాళ్లకి అదే అలవాటైపోతుంది. దాచడం తప్పనే అంటాను. మీరేమంటారు?

చల్లనిమాట:
తప్పు కాదండీ. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడే బలి చక్రవర్తికి చెప్పాడు.

నిక్కచ్చి:
చెప్పాడు, బలి వినలేదు. అడిగిన మూడడుగులూ ఇచ్చాడు. పైగా శుక్రుడు చెప్పింది తన ప్రాణం, తన సొత్తు కాపాడుకునే సందర్భం గురించి. మనం మాట్లాడుతున్నది ఇంకొకరి ప్రాణం గురించి వాళ్లకే తెలియకుండా చేయడం.

దారినపోయే:
ఆ కథలో వామనుడు కూడా తానెవరో చెప్పకుండానే అడిగాడు కదా. దాంతో ఇది తేలదు.

చల్లనిమాట:
శుక్రుడి మాట తన ప్రాణానికే అని ఎందుకు కుదిస్తున్నారు? మాటలో పట్టు దొరికితే చాలు, అసలు సంగతి వదిలేస్తారు మీరు.

తర్కం:
హంతకుడు వచ్చి మీ ఇంట్లో దాక్కున్నవాడి గురించి అడిగినా అబద్ధం ఆడకూడదని 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ రాశాడు. నిక్కచ్చి గారు అంతదూరం వెళ్తారా?

నిక్కచ్చి:
వెళ్లను. హంతకుడికి ఆ సమాచారం మీద హక్కు లేదు. రోగికి తన ఒంటి సంగతి మీద హక్కు ఉంది.

వైద్య విద్యార్థి:
ఒక సంగతి చెబుతాను. 1961లో అమెరికాలో జరిగిన సర్వేలో దాదాపు 90 శాతం డాక్టర్లు క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడానికే మొగ్గారు. 1979లో అలాంటి సర్వేనే మళ్లీ చేస్తే 97 శాతం మంది చెప్పాలన్నారు. ఆ పద్దెనిమిదేళ్లలో డాక్టర్లు ఉన్నట్టుండి నిజాయితీపరులు కాలేదు. చికిత్సలు మెరుగయ్యాయి, రోగికి తెలియకుండా ఏదీ చేయకూడదన్న పట్టు పెరిగింది. కాబట్టి అప్పట్లో దాచినవాళ్లంతా అబద్ధాలకోరులని నేను అనలేను.

చల్లనిమాట:
అది డాక్టర్ల లెక్క. డాక్టరు చెప్పేసి వెళ్లిపోతాడు. ఆ రాత్రి పక్కన కూర్చోవాల్సింది ఇంట్లోవాళ్లు. మా అమ్మకి వరండాలో నిలబెట్టి చెప్పేశారు, చేతిలో కాగితం చూస్తూ, కనీసం ఆమె ముఖం కూడా చూడకుండా. ఆ రోజు నుంచి అమ్మ మాతో సరిగా మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఆ చెప్పినాయన తాను నిజాయితీగా ఉన్నాననే అనుకుని ఉంటాడు.

నిక్కచ్చి:
అది చెప్పిన పద్ధతిలో తప్పు. చెప్పడంలో తప్పు కాదు.

చల్లనిమాట:
మంచం పక్కన కూర్చున్నవాళ్లకి ఆ తేడా తెలియదండీ. మీకు సూత్రం గెలిస్తే చాలు.

నిక్కచ్చి:
సూత్రమా? అయితే వినండి. మా నాన్నకి మందుల సీసాలు పైన కాగితం గోటితో గీకేసి ఇచ్చేవాళ్లు. సగం చిరిగిన కాగితం, వేళ్లకంటుకునే జిగురు. చదువుకున్న మనిషి, ఆ సీసా చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనకుండా మింగేవాడు. తన తమ్ముడితో ఆయనకి చాలాకాలంగా మాటల్లేవు. ‘కాస్త ఓపిక వచ్చాక వెళ్లి కలుస్తా’ అనేవాడు. ఆ ఓపిక ఇక రాదని ఇంట్లో అందరికీ తెలుసు. నాకు తప్ప. నాకు చెబితే ముఖంలోనే బయటపడిపోతుందని మా అన్నయ్య నాకూ దాచాడు. జీవితమంతా అబద్ధం ఆడనందుకు నాకు దక్కింది అది.

దారినపోయే:
అయ్యో.

చల్లనిమాట:
బాధగానే ఉంది. కానీ మీ కోపం మీ అన్నయ్య మీద. దాన్ని తెచ్చి దాచినవాళ్లందరి నెత్తినా రుద్దుతున్నారు.

నిక్కచ్చి:
అవును, కోపమే. ‘ఆయన తట్టుకోలేడు’ అని తేల్చడానికి అన్నయ్య ఎవరు? తట్టుకోలేనిది నాన్న కాదు, అన్నయ్య. నాన్న ఏడిస్తే ఎదురుగా కూర్చునే ధైర్యం అతనికి లేదు. దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు. మీరు నిజం, అబద్ధం అంటున్నారు గానీ నా గొడవ అది కాదు. ఆ మనిషి ఏం మోయగలడో ఆ మనిషినే అడగాలి.

చల్లనిమాట:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత గొడవ లేదు. మా అమ్మ ముందునుంచీ ‘నాకేమీ చెప్పకు, నువ్వే చూసుకో’ అనేది. ఆమె వద్దన్న నిజాన్ని ఆమె మీద పడేశారు. నేను పోట్లాడేది అందుకే. తెలుసుకునే హక్కు ఉంటే వద్దనే హక్కూ ఉండాలి.

వైద్య విద్యార్థి:
స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఒకటి 2000లో ప్రచురించారు, ఇప్పుడు డాక్టర్లకు నేర్పుతారు. చెడువార్త చెప్పేముందు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో రోగినే అడగడం అందులో ఒక మెట్టు. మీ ఇద్దరి ఇళ్లలోనూ జరగనిది అదే.

చల్లనిమాట:
కాగితం మీద బాగానే ఉంది. ఆ ప్రశ్న అడిగిన క్షణంలోనే అమ్మకి అర్థమైపోయేది. ఏమీ లేకపోతే అలా ఎందుకడుగుతారు?

నిక్కచ్చి:
అందుకే అందరూ బాగున్నప్పుడే అడిగి పెట్టుకోవాలి. మా ఇంట్లో నా సంగతి పిల్లలకి ముందే చెప్పేశాను, ఒక్క ముక్క దాచడానికి వీల్లేదని.

చల్లనిమాట:
బాగున్నప్పుడు అందరూ ధైర్యంగానే చెబుతారండీ. మంచం పట్టాక మీరే మాట మారిస్తే, మీ పిల్లలు ఏ మాట వినాలి?