ఈ వారం సమస్య: ‘గెలిచె గొల్యాతు, దావీదు ఖిన్నుఁడయ్యె’

నిర్వాహకుడు:
పై మాటే (ఖిన్నుఁడు అంటే దిగులుపడ్డవాడు) చివరి పాదంగా పద్యం అల్లాలి. ఛందస్సు తేటగీతి, అంటే పాదానికి వరసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) గె–ఖి. సందర్భం యవ్వనస్థుల కూడిక, అంటే పదమూడు నుంచి పంతొమ్మిది మధ్య వయసు పిల్లలు. బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయం (కుర్ర దావీదు వడిసెల రాయితో మహాకాయుడు గొల్యాతుని పడగొట్టిన కథ) తెలిసినవాళ్లకి మింగుడుపడని మాటే ఇచ్చాను. గ్రంథాన్ని తిరగరాయకుండా పూరించాలి. సొంత కథలొద్దు. పద్యం కింద పనికొచ్చే ముక్క ఒకటి రాయండి.

బైబిలు పేర్లతో భయపడకండి. గొల్యాతు, దావీదు రెండూ త-గణాలే (గురువు, గురువు, లఘువు), ఇంద్రగణం చోట చక్కగా కూర్చుంటాయి. సౌలు (అప్పటి రాజు) సూర్యగణం. ఏడిపించేది సమూయేలే. లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే సూర్యగణం గానీ ఇంద్రగణం గానీ లేదు కాబట్టి ఆయన్ని పాదం మొదట నిలబెట్టలేం.

గిటారన్న:
కాగితపుటుండ వడిసెలఁ గట్టి విసర
తగిలె కీబోర్డు తమ్ముని తలకు సూటి;
పడుట మానుచుఁ బెట్టెపైఁ బకపకమన
గెలిచె గొల్యాతు, దావీదు ఖిన్నుఁడయ్యె.

దావీదు–గొల్యాతు స్కిట్‌లో నూటికి తొంభై పాళ్లు చెడేది ఇక్కడే. ఏ4 కాగితం ఒకటి ఐదు గ్రాములు. ఉండ చుట్టి విసిరితే గాలి ఎటంటే అటు పోతుంది. మూడు కాగితాలు చుట్టి పైన టేపు వేస్తే కాస్త నయం గానీ, అసలు ఏమీ విసరకపోవడమే మేలు. దావీదు ఉత్త వడిసెల తిప్పాలి, తెర వెనక డోలు మీద ఒక్క దెబ్బ పడాలి, ఆ దెబ్బకి గొల్యాతు పడాలి. వెల్లకిలా కాదు, బోర్లా. 49వ వచనం అదే చెబుతుంది, కానీ కుర్రాళ్లు సినిమాలో లాగా వెనక్కే పడతారు.

ఛందస్సు మాస్టారు:
మూడో పాదం బాగా నవ్వించింది. రెండో పాదంలో ‘తగిలెన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కదా అన్నా, తరవాతి ‘కీ’ ‘గీ’ కావాలి. ‘గీబోర్డు’ అంటే మీ వాయిద్యకారుడు ఊరుకోడు! ‘తగిలి’ అనండి. అది కళ (ద్రుతం లేని మాట), సంధి గొడవ ఉండదు.

సండేస్కూల్ అక్క:
పెట్టె మీద గొల్యాతుని ఎక్కించొద్దన్నా, పడాల్సిన వేషం అది. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జేనెడు, అంటే మూరకి 18 అంగుళాల లెక్కన 9 అడుగుల 9 అంగుళాలు. ఏ పెట్టె వేసినా అందదు. రెండు తెల్ల దుప్పట్లు నిలువుగా కలిపి కుట్టి తెర కట్టండి, వెనక నేల మీద ఒక్కటే బల్బు పెట్టండి. బల్బుకీ తెరకీ సరిగ్గా నడుమ నిలబడితే నీడ రెట్టింపు. ఐదడుగుల కుర్రాడు నడిమి నుంచి పిసరంత తెర వైపు జరిగితే లెక్క సరిపోతుంది. దావీదు తెరని ఆనుకుని నిలబడాలి. వెనక పరుపు వేస్తే పడటానికీ భయం లేదు. రెండు బల్బులు మాత్రం పెట్టకండి, గొల్యాతులు ఇద్దరవుతారు.

సండేస్కూల్ అక్క:
నా పూరణ.

వాక్యమును దీయు పోటీకి వచ్చి నిలువ
పుటలు వెదకుచు నొక జట్టు పొగులుచుండ
సెల్లు నొడిలోన వెలిగించి చెప్ప నొకటి
గెలిచె గొల్యాతు, దావీదు ఖిన్నుఁడయ్యె.

పోటీ పద్ధతి ఇది. బైబిలు మూసి తల మీదికి ఎత్తాలి. రిఫరెన్సు రెండుసార్లు చెప్పాలి, పిల్లలంతా తిరిగి పలకాలి, అప్పుడు ‘వెదకండి’. వచనం మీద వేలు పెట్టాకే లేవాలి. ఈ చివరి నియమం లేకపోతే అందరూ ముందు లేచి నిలబడి తరవాత వెతుకుతారు. ‘యోహాను’, ‘1 యోహాను’ తేడాని గట్టిగా పలకండి, సగం తగవులు అక్కడే. మధ్యలో ఒకసారి ‘హిజ్కియా 4:12’ అనండి. ఆ పేరుతో గ్రంథం లేదు, ఆయన రాజు. ‘దొరికింది’ అని ఎవడో ఒకడు లేవకపోతే అడగండి. ఓబద్యా రెండో అధ్యాయం కూడా ఇలాంటిదే, ఆ గ్రంథం మొత్తం ఒకటే అధ్యాయం, 21 వచనాలు.

ఫోన్లు ముందే బుట్టలో వేయించాలి, అదీ స్విచాఫ్ చేసి. వైబ్రేషన్‌లో పెట్టిన పాతిక ఫోన్లు స్టీలు బేసిన్‌లో వేస్తే ప్రార్థన మధ్యలో గజ్జెలు కట్టినట్టే. అడుగున తువ్వాలు పరవండి. రెండు ఫోన్లున్నవాడు పాతది బుట్టలో వేస్తాడన్నది కూడా గుర్తుంచుకోండి.

ఛందస్సు మాస్టారు:
నడక హాయిగా ఉందమ్మా, కానీ సమస్య తీరలేదు. గొల్యాతు, దావీదు జట్ల పేర్లని పద్యం ఎక్కడా చెప్పలేదు. మీ వివరణ తీసేస్తే పద్యం నిలవదు. రెండో పాదం వదులుకోండి, పుటలు తిప్పడం ఎలాగూ తెలుస్తుంది. మొదట ఇది పెట్టండి:

పేర్లు వీరులవిడి రెండు పిల్లజట్లు
వాక్యమును దీయు పోటీకి వచ్చి నిలువ
సెల్లు నొడిలోన వెలిగించి చెప్ప నొకటి
గెలిచె గొల్యాతు, దావీదు ఖిన్నుఁడయ్యె.

వంటగది ఇన్‌ఛార్జి:
కూడికయ్యాక బిరియాని గుండిగఁ గని
వేషమున్నట్లె కూర్చుండె వీరుఁ డొకఁడు;
గరిటె పట్టిన వానికి గాలి మిగుల
గెలిచె గొల్యాతు, దావీదు ఖిన్నుఁడయ్యె.

నలభై మంది యూత్‌కి ఆరు కిలోల బియ్యం, అంతే చికెన్. పెద్దవాళ్ల లెక్కన తలకి వంద గ్రాములు వేస్తే రెండో బంతికే గుండిగ అడుగు కనిపిస్తుంది. వడ్డించే పిల్లల పళ్లాలు ముందే తీసి మూత పెట్టాలి, ఇది మరిచిపోతే పై పద్యమే. ముక్కల గరిటె మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. కుర్రాడి చేతికిస్తే స్నేహితుడు వచ్చినప్పుడల్లా గరిటె అడుగుదాకా దిగుతుంది.

ఛందస్సు మాస్టారు:
‘గాలి మిగుల’ దగ్గర చప్పట్లు. ‘కూడికయ్యాక’ వ్యావహారికం, తక్కినదంతా గ్రాంథికపు నడక. ‘కూడికయుఁ దీఱ’ అంటే గణం చెడకుండా అతుకుతుంది.

ఇంటర్ సెకండియర్:
నాకు మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. ‘రిహార్సల్ రాక మొన్నటి నుంచి డుమ్మా’. తరవాత డైలాగు మర్చిపోతాడు, గొల్యాతు వాడి డైలాగు కూడా చెప్పేస్తాడు. ఐడియా ఓకేనా సార్?

ఛందస్సు మాస్టారు:
ఐడియా దివ్యంగా ఉంది తమ్ముడూ. ‘రిహార్సల్’ సమూయేలు గారి బంధువు, లఘువు పక్కనే గురువు. ‘సాధన’ అందాం. నీ ఊహే, కుట్టు మాత్రం నాది:

సాధనకు రాక వారాలు సాకులాడి
మాట మఱచెను వేదికామధ్య నిలిచి;
యెదుటివాఁడె యా మాటల నెత్తి పలుక
గెలిచె గొల్యాతు, దావీదు ఖిన్నుఁడయ్యె.

గిటారన్న:
దీనికి మందు గ్రంథంలోనే ఉంది. గొల్యాతు ముందు డాలు మోసేవాడొకడు నడిచాడని 7వ వచనం. డైలాగు అందించేవాణ్ణి ఆ వేషంలో స్టేజీ మీదే పెట్టండి, అట్ట డాలు లోపలి వైపు డైలాగులు అంటించండి. అక్షరాలు వేలెడంత ఉండాలి. ‘ఇటు నీకు, అటు జనానికి’ అని డాలు మీద బాణం గుర్తు వేయండి. లేకపోతే తిప్పి పట్టుకుంటాడు, గొల్యాతు అనబోయేది ముందు వరస పిల్లలు గొంతెత్తి చదివేస్తారు.

పాత నిబంధన:
మీరంతా దావీదుని ఓడించే పనిలో ఉన్నారు. ఆ అవసరమే లేదు.

వేలు తనవంచుఁ బదివేలు వీనివంచుఁ
బాడు పడుచుల తంబుర పాట వినుచు
సౌలు తల వాల్చె, నెందుకో చదువుఁడయ్య:
గెలిచెఁ గొల్యాతుఁ దావీదు, ఖిన్నుఁడయ్యె.

గొల్యాతును దావీదే గెలిచాడు. ఖిన్నుడైంది సౌలు. 18వ అధ్యాయం.

ఛందస్సు మాస్టారు:
ఈ వారానికి ఇదే పూరణ. ‘గొల్యాతున్’లో నకారం అరసున్నగా మారింది, గణం కదల్లేదు, అర్థం మాత్రం తలకిందులైంది. అక్షరం మార్చకుండా కామా జరిపి సమస్య తీర్చడం అంటే ఇదీ. ఒక్క లోటు, ఇందులో యవ్వనస్థులు లేరు.

పాత నిబంధన:
ఉన్నారు మాస్టారూ, బల్ల ముందు కూర్చుని. చివరి పాదాన్ని విరామచిహ్నాలు లేకుండా చార్టు మీద రాయండి. నలుగురేసి జట్టుకి ఒక స్కెచ్ పెన్, ఐదు నిమిషాలు. ఎవరు గెలిచారు, ఎవరు ఏడ్చారు, గీత పెట్టి చూపించాలి. తరవాత 18వ అధ్యాయం మొదటి 9 వచనాలు చదివిస్తే పాఠం దానంతట అదే నడుస్తుంది. మూడో సమాధానానికీ సిద్ధంగా ఉండండి: గొల్యాతు ఇంటిపేరు, దావీదు సొంత పేరు, మనిషి ఒక్కడే, గెలిచి కూడా ఏడ్చాడు.

ఇంటర్ సెకండియర్:
నేనూ అలాగే చదివాను సార్.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి ఆటవెలది. ‘యోన మ్రింగెఁ జేప నొక్కసారి.’ చేప మింగిన ప్రవక్త యోనాని యోన చేశాను, సూర్యగణం కోసం. చేపల పులుసు పూరణలు రెండుకి మించి తీసుకోను, వంటగది ఇన్‌ఛార్జి గారూ.