పాటలూ స్టూడియో లేని సింహళ ప్రేమకథ: ‘గంపెరళియ’ను ఎలా తీశారు?

ప్రశ్న: రీలుపెట్టె

అందరికీ నమస్కారం. లెస్టర్ జేమ్స్ పీరిస్ దర్శకత్వంలో 1963లో వచ్చిన సింహళ చిత్రం ‘గంపెరళియ’ను ఇటీవల చూశాను. పెద్దింటి అమ్మాయి నందకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన పియల్ ఆమెపై మనసు పడతాడు. అంతస్తు తక్కువన్న కారణంతో ఇంటివారు అతన్ని కాదని ఆమెను జినదాసకు ఇచ్చి పెళ్లి చేస్తారు. ఇంతటి ప్రేమకథలో ఒక్క యుగళగీతమైనా లేకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. ఆనాటి సింహళ చిత్రాలన్నీ ఇలాగే ఉండేవా? ఆ పాత ఇల్లు సెట్టా, నిజమైన ఇల్లా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1: పాతతెర

ఇలా ఉండేవి కావండీ, ఈ చిత్రం ప్రత్యేకతంతా అక్కడే ఉంది. 1947లో విడుదలైన మొట్టమొదటి సింహళ టాకీ ‘కడవును పొరొందువ’ మన దక్షిణ భారతంలోనే తయారయింది. ఆ తరువాత చాలాకాలం సింహళ చిత్రాలను మద్రాసు తదితర చోట్ల ఉన్న స్టూడియోల్లో, ఇక్కడి సాంకేతిక నిపుణులతో, ఇక్కడి కథల పద్ధతిలోనే తీసేవారు. మన తెలుగు చిత్రాలు పుట్టిన మద్రాసు ఫ్లోర్ల వాతావరణమే వాటిలోనూ కనిపించేది. మాటలు సింహళంలో ఉన్నా మనుషులు, ఊళ్లు శ్రీలంకవి కావన్న అసంతృప్తితో పీరిస్ ప్రభుత్వ ఫిల్మ్ యూనిట్ ఉద్యోగం వదిలి, 1956లో ‘రేఖావ’ను ఆరుబయట తీశారు. అందులో మాత్రం పాటలు ఉన్నాయి.

‘గంపెరళియ’లో ఆయన పాటలను కూడా వదిలేశారు. మార్టిన్ విక్రమసింహ 1944లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. పాత్రల మనసుల్లోనే ఎక్కువగా నడిచే ఆ నవలను రెజి సిరివర్ధన స్క్రీన్‌ప్లేగా మలిచారు. నంద తన ప్రేమను పైకి చెప్పుకోలేని ఇంట్లో పెరిగిన పిల్ల. ఆమె చేత పాట పాడిస్తే ఆ పాత్రే మిగలదని నా గట్టి నమ్మకం. చెప్పలేనిదాన్ని అమరదేవ నేపథ్య సంగీతం, నటుల చూపులే మోశాయి.

సమాధానం 2: వెలుగునీడ

ఇల్లు నిజమైనదే. శ్రీలంక నైరుతి తీరంలోని బలపిటియ దగ్గర ఒక పాత వలవ్వలో, అంటే జమీందారీ తరహా పెద్దింట్లో, చిత్రీకరణ జరిగింది. ఈ చిత్రాన్ని పూర్తిగా స్టూడియో వెలుపలే తీశారు. ఛాయాగ్రాహకుడు విలియం బ్లేక్ ఒకే ఒక దీపంతో, చేత్తో పట్టుకునే లైట్లతో పని జరిపించారు.

అది ఎంత కష్టమో నాకు కొంత తెలుసు. ఒక లఘుచిత్రం కోసం మేము కోనసీమలో ఒక మండువా లోగిలిలో కెమెరా పెట్టాము. మిట్టమధ్యాహ్నం మండువాలో కళ్లు చెదిరే ఎండ ఉంటుంది, రెండడుగులు వసారాలోకి జరిగితే మనిషి ముఖం నల్లబడిపోతుంది. ముఖానికి సరిపడా వెలుగు అందేలా కెమెరాను సరిచేస్తే వెనకాల మండువా తెల్లగా మాసిపోయేది. ఎండ వాలేదాకా ఆగడం తప్ప మాకు మరో దారి దొరకలేదు. అందుకే ‘గంపెరళియ’లో నంద గుమ్మం నీడలో నిలబడినప్పుడల్లా, ఆ నీడను అలాగే ఉండనిచ్చిన బ్లేక్ ధైర్యానికి చేతులు జోడించాలనిపిస్తుంది. స్టూడియోలో అయితే ఆ ముఖం మీద తప్పకుండా ఒక లైటు వేసేవారు.

సమాధానం 3: కత్తెర

నటుల ఎంపిక గురించి ఒక మాట చేర్చాలి. పియల్‌గా వేసిన హెన్రీ జయసేన నాటకరంగం నుంచి వచ్చినవారు, నంద పాత్రధారిణి పుణ్యా హీందెణియ. జనాకర్షణ ఉన్న కథానాయకుడు గామిణి ఫొన్సేకాకు మాత్రం పియల్ పాత్ర ఇవ్వకుండా, వ్యాపారంలో దెబ్బతిని ఊరు విడిచిపోయే జినదాస పాత్ర ఇచ్చారు. దీనివల్ల కథ తూకమే మారింది. ప్రేక్షకుడికి ఇష్టమైన నటుడే ఓడిపోతుంటే, నంద పియల్‌ను చేరుకున్నాక కూడా మనకు పూర్తి సంతోషం కలగదు.

ఎడిటింగ్ చేసిన సుమిత్ర 1964లో పీరిస్‌ను పెళ్లి చేసుకున్నారు, తరువాతి కాలంలో స్వయంగా దర్శకురాలయ్యారు. 1965లో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో సత్యజిత్ రాయ్ అధ్యక్షతన ఉన్న జ్యూరీ ఈ చిత్రానికి స్వర్ణ మయూరం ఇచ్చింది. మీరు మళ్లీ చూసేటప్పుడు జినదాస ఇల్లు విడిచివెళ్లిన తరువాతి భాగాన్ని నిదానంగా చూడండి. నంద ఎదురుచూపును ఎక్కడా తొందరపెట్టకుండా ఉంచిన కూర్పు అది.