హనోవర్ మెన్నొనైట్ ఊళ్లను విడగొట్టింది మునిసిపాలిటీయా, పట్టాయా?

గొలుసుకొలత:
కెనడాలోని మానిటోబాలో మెన్నొనైట్లకు (రష్యా నుంచి వలసొచ్చిన ఒక క్రైస్తవ శాఖవాళ్లకు) కేటాయించిన తూర్పు రిజర్వు, అంటే నేటి హనోవర్ గురించి ఎవర్ని అడిగినా "కుర్రకారు విడి పొలాలు కోరుకున్నారు, ఊళ్లు చెదిరాయి" అని తేల్చేస్తారు. నా లెక్కలో దెబ్బకొట్టింది మునిసిపాలిటీ. రష్యా నుంచి తొలి జట్టు 1874 ఆగస్టు 1న దిగింది. అప్పట్నుంచి ఊరికో షుల్జె (ఊరిపెద్ద), అందరిమీదా ఓబర్‌షుల్జె. దారుల పని, అగ్నిప్రమాద పరిహారం వాళ్లే చూసేవారు. అనాథల ఆస్తి చూడ్డానికి వైజెనామ్ట్ అనే సంఘ సంస్థ ఉండేది. 1880ల మొదట్లో ప్రావిన్సు హనోవర్, హెస్పెలర్ మునిసిపాలిటీలు పెట్టి, ఎన్నికైన రీవ్‌ను, అంటే మునిసిపాలిటీ అధ్యక్షుణ్ణి తెచ్చింది. ఇక షుల్జె మాటకు విలువెక్కడ?

పాతపట్టా:
రీవ్ వచ్చాక కూడా షుల్జెలు చాలాకాలం నడిచారండి. పగులు 1872 డొమినియన్ భూచట్టంలోనే ఉంది: 10 డాలర్ల రుసుము, 160 ఎకరాల క్వార్టర్ (చదరపు మైలు సెక్షన్‌లో నాలుగో వంతు), మూడేళ్ల నివాసం, పట్టా ఒక్క మనిషి పేరున. 1876 సవరణ మెన్నొనైట్లను, ఐస్‌లాండర్లను పేరుపెట్టి చెప్పి, ఎవరి క్వార్టర్‌లో వాళ్లు కాపురముండాలన్న షరతును సడలించే వీలు మంత్రికిచ్చింది. పట్టా జోలికి మాత్రం పోలేదు.

ఇరవై కుటుంబాల ఊరు అనుకోండి. ఇరవై క్వార్టర్లూ కలిపేస్తారు. వీధి, ఇళ్లు ఒకటి రెండు క్వార్టర్లలో ఉంటాయి. కొంత ఉమ్మడి బీడు. మిగతా నేలను రకాన్ని బట్టి చెక్కలు చేసి, ప్రతి చెక్కలో అందరికీ తలో పట్టీ ఇస్తారు. ఒకడు పట్టా చూపించి "నా 160 ఎకరాలు నాకిచ్చెయ్యండి" అన్నాడా, ఆ క్వార్టర్‌లో పట్టీలున్నవాళ్లందరికీ వేరే చోట సర్దాలి, అంటే పంపకం మొదటికొస్తుంది. వీధి ఉన్న క్వార్టర్ పట్టాదారే తప్పుకుంటే ఇళ్లన్నీ పరాయి నేలమీద పడతాయి! ఊరి ఒప్పందానికి చట్టబలం లేదు. పెద్దల చేతిలో ఉన్నది సంఘ బహిష్కారం ఒక్కటే.

ఎర్రనది:
ఇద్దరూ నేలను వదిలేశారు. తూర్పు రిజర్వులో చాలాచోట్ల రాళ్లు, లేకపోతే నీరు నిలిచే పల్లం. 1878 తర్వాత ఎన్నో కుటుంబాలు రెడ్ రివర్ దాటి పశ్చిమ రిజర్వుకు పోయాయి. పోయినవాళ్ల వాటా పశువుల కాపరి జీతం, కంచె పని ఉన్నవాళ్ల నెత్తిన పడ్డాయి. అలా పోయిన బెర్గ్‌థాలర్ల (మెన్నొనైట్లలో ఒక వర్గం) ఊరు నోయ్‌బెర్గ్‌థాల్‌లో పాత వీధి ఇప్పటికీ ఉంది. అక్కడా వ్యక్తి పట్టాలే కదా?

ఇంకోటి. మునిసిపాలిటీయే ఊళ్లను మింగితే స్టైన్‌బాక్ సంగతేంటి? 1874లో 18 కుటుంబాలతో మొదలై, రైలు కూడా రాని ఊరు. అంత పెరిగీ 1946 చివరిదాకా హనోవర్ కిందే ఉంది. ఆ తర్వాతే పట్టణం, 1997లో నగరం.

గొలుసుకొలత:
సర్కారు ఒత్తిడి రీవ్‌తో ఆగలేదు. సొంత బడులు పెట్టుకోవచ్చని 1873 జూలైలో కెనడా కేంద్ర వ్యవసాయ శాఖ కార్యదర్శి జాన్ లోవ్ రాసిచ్చాడు. విద్య ప్రావిన్సు అధికారం కాబట్టి ఆ హామీ కోర్టులో నిలవలేదు. 1916లో ప్రావిన్సు నిర్బంధ బడి చట్టాలు, ఆపైన 1926లో పరాగ్వే వలస.

పాతపట్టా:
వలసకు అది కారణమే, కాదనను. కానీ పట్టీల పొలాలు చాలా ఊళ్లలో 1916కు ముందే పోయాయి. స్టైన్‌బాక్‌లో సుమారు 1910 నాటికే. తేల్చాలంటే దారుంది: లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో 1870–1930 పశ్చిమ భూపట్టాల సూచిక ఉంది. ఒక ఊరి క్వార్టర్లన్నిటికీ పట్టా తేదీలు రాసుకుని, ఊరి ఒప్పందం రద్దయిన తేదీ పక్కన పెట్టండి. సర్వేలో నేల చోటు చెప్పే సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ అంకెలు మూడూ సరిగ్గా ఇవ్వాలి. రేంజ్ తూర్పా పడమరా అన్నది మరిస్తే ఇంకో ఊరి పట్టాలు వస్తాయి.