సాక్ష్యంలో అమ్మ తిన్న దెబ్బలు కూడా చెప్పాలా?

కందుకూరు అమ్మాయి

అందరికీ వందనాలు. మా నాన్న తాగుడు మానేసి పన్నెండేళ్లు అయింది. అంతకుముందు పొగాకు వేలంలో వచ్చిన డబ్బు ఇంటికి చేరేలోపే సగం కరిగిపోయేది. ఒక ఏడాది పొగాకు కాల్చే బ్యారన్‌కు కట్టెల కోసం తెచ్చిన అప్పు కింద అమ్మ గొలుసు కూడా పోయింది. యేసును నమ్ముకుని రక్షణ పొందాక మనిషి నిజంగానే మారారు. అందులో నాకు అనుమానం లేదు.

ఇప్పుడు నాన్న చుట్టుపక్కల ఊళ్ల ప్రార్థన కూడికలలో, దేవుడు తనను ఎలా మార్చాడో సాక్ష్యం చెబుతున్నారు. చెప్పిన ప్రతిసారీ అమ్మను ఎలా కొట్టేవారో, నిండు చూలాలిగా ఉన్నప్పుడు వాకిట్లోకి ఎలా నెట్టారో పూసగుచ్చినట్లు చెబుతారు. జనం కళ్లు తుడుచుకుంటారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని నేల చూస్తూ కూర్చుంటుంది. పోయిన నెల సింగరాయకొండ వైపు ఒక కూడిక ముగిశాక ఎవరో పెద్దావిడ దగ్గరికి వచ్చి, “ఆయన నెట్టింది నిన్నేనా అమ్మా?” అని అడిగింది. ఇంటికి వచ్చాక అమ్మ “ఇక నేను రాను” అంది. “నా పాపం నేను ఒప్పుకుంటుంటే నీకెందుకు నామోషీ?” అన్నారు నాన్న.

ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. మారిన జీవితం గురించి చెప్పేటప్పుడు పాత జీవితం ఎంతవరకు చెప్పవచ్చు?

గుండ్లకమ్మ ఒడ్డు

తల్లీ, నాకు అరవై దాటాయి. నేనూ ఒకప్పుడు సీసాకు దాసుడినే. నన్ను కదిలించినది ప్రసంగం కాదు. నాలాంటి మరో తాగుబోతు చెప్పిన సాక్ష్యం. పిల్లవాడి బడి ఫీజు డబ్బు తాగేశానని అతను అన్నప్పుడు నా జేబులో కూడా అలాంటి డబ్బే ఉంది. “నేను పాపిని” అని పైపైన చెప్పి దిగిపోయి ఉంటే నేను బీడీ కాల్చుకోవడానికి బయటికి వెళ్లేవాడిని.

బైబిల్లో పౌలు ఏమైనా దాచాడా? అపొస్తలుల కార్యములు 22లోనూ, 26లోనూ తాను విశ్వాసులను చెరసాలకు ఈడ్చిన సంగతి తన నోటితోనే చెప్పుకున్నాడు. మన ఒంగోలు సీమలో విశ్వాసం పాకినది కూడా ఇలాగే. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం తీసుకుని తన బంధువులకు చెప్పారు, వాళ్లు తమ బంధువులకు చెప్పారు. మైకు లేదు, కరపత్రం లేదు. మీ నాన్నగారి నోరు కట్టేయకండి.

అల్లూరు కోడలు

బాబాయి గారూ, మీ జేబులో డబ్బు సంగతి చదివి నిజంగా కదిలిపోయాను. అయితే మీరు విన్న సాక్ష్యంలో సిగ్గుపడినది చెప్పినవాడు. ఈ అమ్మాయి ఇంట్లో చెప్పినవాడికి చప్పట్లు, సిగ్గు వాళ్ల అమ్మకు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

అసలు మాట దగ్గరే ఆగుదాం. కొట్టినవాడు “కొట్టాను” అంటే అది నేరం ఒప్పుకోవడం. సాక్ష్యం చెప్పవలసినది పడినవాళ్లు, చూసినవాళ్లు. “ఈయన మారాడు” అని ఆవిడ అంటే అది సాక్ష్యం. ఆవిడ అనకముందే ఆయన ఊరూరా తిరిగి చెప్పడంలో నాకు ఏదో తొందర కనిపిస్తోంది.

లూకా సువార్త 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. ఎవరిని ఎలా మోసం చేశాడో ఒక్క ముక్క చెప్పలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మార్కు 5లో దయ్యాలు వదిలిన మనిషి యేసుతో పాటు పడవ ఎక్కుతానని బతిమాలితే, ముందు ఇంటికి వెళ్లి నీవాళ్లకు చెప్పు అని పంపించాడు. పడవ తరవాత, ఇల్లు ముందు.

కందుకూరు అమ్మాయీ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ గొలుసు తిరిగి వచ్చిందా?

పాత లెక్కలు

పేరయ్య గారి పేరు వచ్చింది కాబట్టి ఒక చేర్పు. మనవాళ్లు ప్రతి వార్షికోత్సవంలో 2,222 అనే అంకె చెబుతారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే బాప్తిస్మం పొందినవారు అంతమంది. దాని వెనక ఉన్న నిరీక్షణ గురించి ఎవరూ చెప్పరు. 1876–78 కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇప్పించారు. ఆ కాలంలో జనం వచ్చి బాప్తిస్మం అడుగుతూనే ఉన్నారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం మారారన్న మాట రాకూడదని ఆపారు. పని ముగిశాక కూడా వాళ్లు వచ్చారు. అప్పుడే నదిలోకి దిగడం జరిగింది.

ఇప్పుడో? మొన్న తాగుడు మానేసినవాడికి ఈ ఆదివారమే మైకు ఇస్తున్నారు. ఈ అమ్మాయి నాన్నగారు పన్నెండేళ్లు నిలబడ్డారు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి. మూడు నెలలకే మళ్లీ దుకాణం ముందు కనిపించినవాళ్లు మా సంఘంలోనే ఇద్దరున్నారు. మైకు ఇచ్చినవాళ్లు మాత్రం ఆ తరవాత వాళ్ల ఇళ్లకు వెళ్లలేదు.

కలిగిరి నుంచి

నేను క్రైస్తవుడిని కాను. మా వీధిలో కూడిక జరిగితే అరుగు మీద కూర్చుని వింటాను. మనిషి బాగుపడ్డాడంటే నాకూ సంతోషమే. “ఆ రాళ్లకు మొక్కినన్నాళ్లు తాగాను” అని మైకులో అన్నప్పుడు మాత్రం గుచ్చుకుంటుంది. మా అమ్మ రోజూ దీపం పెడుతుంది. ఆవిడ ఎవరికీ తాగుడు నేర్పలేదు.

ఇంకో మాట. మా మండలంలోనే దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్లు, వాళ్లలో రోశమ్మ గారు, సారా దుకాణం మీదికి నడిచారు. అక్షరాస్యత తరగతులలో కూర్చుని తమ ఇళ్ల సంగతులు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ మాటలే జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడు నోరు తెరిచినది దెబ్బలు తిన్నవాళ్లు. తమ కథలో ఏది చెప్పాలో, ఏది మింగాలో వాళ్లే తేల్చుకున్నారు. అల్లూరు కోడలు గారు అన్నది నాకు అందుకే సబబుగా తోచింది.

గుండ్లకమ్మ ఒడ్డు

కలిగిరి తమ్ముడూ, రాళ్లు అనే మాట తప్పే. ఒకప్పుడు నేనూ అన్నాను. ఇక అనను. సారా సంగతిలో మాత్రం చిన్న తేడా ఉంది. నిషేధం దుకాణాన్ని మూసింది, నా దాహాన్ని మూయలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు కూడా నేను ఎక్కడో ఒకచోట సంపాదించుకుని తాగాను.

చీమకుర్తి రాయి

మీరంతా ఎంత చెప్పాలని వాదిస్తున్నారు. నాలాంటివాళ్లకు నోరు తెరవడమే కష్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ–సీ, అంటే వెనుకబడిన తరగతుల సీ గ్రూపు కింద లెక్కిస్తారు. నలుగురిలో విశ్వాసం చెప్పుకుంటే ఆ హోదా పోతుందని భయం. మాల మాదిగ పల్లెలలో ఎన్ని ఇళ్లు ఈ ముడిలో ఉన్నాయో ఇక్కడి వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మా క్వారీలో పనిచేసే ఒకతను కూడికలో రెండు ముక్కలు మాట్లాడితే ఎవరో ఫోనులో తీసి అందరికీ పంపించారు. అతన్ని అడగలేదు. దయచేసి అడగండి.

అల్లూరు కోడలు

బాబాయి గారూ, ఒక చనువు తీసుకుంటాను. మీరు సాక్ష్యం చెప్పేటప్పుడు పిన్నిగారు ఏమంటారు?

గుండ్లకమ్మ ఒడ్డు

నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాను, ముప్పై ఏళ్లలో మొదటిసారి. చాలాసేపు మాట్లాడింది. ఏమన్నదో ఇక్కడ రాయను. రాయవద్దంది.

కందుకూరు అమ్మాయి

ఆలస్యానికి క్షమించండి. అల్లూరు అక్కా, గొలుసు రాలేదు. ఆ మాట నాన్నను అడిగాను. ఆయన చాలాసేపు ఊరకున్నారు. తరవాత అమ్మ దగ్గరికి వెళ్లి, “ఏం చెప్పమంటావు, ఏం వద్దంటావు?” అన్నారు. అప్పుల సంగతి చెప్పుకోవచ్చంది. వేలం డబ్బు, గొలుసు చెప్పుకోవచ్చంది. వాకిట్లో జరిగినది వద్దంది. “అది నాది” అంది.

శనివారం ఉలవపాడు దగ్గర కూడికలో నాన్న నాలుగు నిమిషాలే మాట్లాడారు. ఎప్పుడూ అరగంట చెప్పే మనిషి కదా, పాస్టరు గారు మైకు అందుకుంటూ “అంతేనా బ్రదర్?” అన్నారు. కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎవరూ కనిపించలేదు. వెనక వరుసలో ఒకతను మాత్రం లేచి వచ్చి, గొలుసు ఎన్ని సవర్లని నాన్నను అడిగాడు.

అమ్మ రాలేదు. వచ్చే వారం కూడా రానంది.