“ఇంటిపేరు కస్తూరివారు”: ఆ చివరి ఇకారం ఎక్కడిది?

అమలాపురం సభ్యుడు:
మా కోనసీమ పెద్దలు తరచుగా అనే సామెత ఒకటి సగమే గుర్తుకు వస్తోంది. “ఇంటిపేరు కస్తూరివారు” అన్నంత వరకు సందేహం లేదు గాని, ఆ తరువాత “ఇంట్లో గబ్బిలాల వాసన” అనాలా, “ఇల్లంతా గబ్బిలాల కంపు” అనాలా? సామెతకెక్కిందంటే ఆ ఇంటిపేరు ఒకప్పుడు విరివిగా ఉండి ఉండాలని నా ఊహ. ఇప్పుడు ఏ దేశంలో ఎందరు కస్తూరివారు ఉన్నారో తెలుసుకునే మార్గం ఉన్నదా?

ముమ్మిడివరం మాస్టారు:
“వాసన” అన్నదే సరి. ఆ మాట కస్తూరికీ గబ్బిలానికీ సమానంగా చెల్లుతుంది కనుకనే అందులో వ్యంగ్యం నిలుస్తుంది. “కంపు” అనగానే అది తిట్టయిపోతుంది.

నరసాపురం సభ్యురాలు:
మాస్టారూ, క్షమించాలి. పూర్వకావ్యాలలో “కంపు” అంటే పరిమళమే. కన్నడంలో నేటికీ అదే అర్థం. కనుక “కంపు” కూడా రెండు వైపులా చెల్లుతుంది. అయితే నాకు అసలు అనుమానం కస్తూరి మీదనే ఉన్నది. కందుకూరు నుంచి కందుకూరివారు, వేమూరు నుంచి వేమూరివారు వచ్చినట్టే, “కస్తూరు” అనే ఊరి నుంచి కస్తూరివారు ఎందుకు రాకూడదు? అప్పుడు ఈ చివరి ఇకారం కస్తూరి అనే మృగమదానిది కాదు, ఔపవిభక్తికం, అంటే “ఊరు” “ఊరి” అయినట్టు విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే మార్పు.

ముమ్మిడివరం మాస్టారు:
ఊరు చూపించండమ్మా, ఒప్పుకుంటాను. కందుకూరికీ వేమూరికీ నేటికీ ఊళ్ళున్నాయి. ఇకారం కనిపించిన చోటల్లా ఊరును వెతుక్కుంటూ పోతే “పింగళి”కి ఏమి చెబుతారు?

కాకినాడ సభ్యుడు:
ఇంటిపేరు మొదటి నుంచీ ఒకటే ఉండిపోతుందన్న భావన మీదనే ఈ వాదమంతా నడుస్తున్నట్టున్నది. మా పెద్దాపురం సీమ కవి ఏనుగు లక్ష్మణకవి సంగతి చూడండి. వారి ఇంటిపేరు మొదట పైడిపాటి. పూర్వులలో ఒకరు పెద్దాపురం సంస్థానాధీశుల నుంచి ఏనుగును బహుమానంగా పొందడంతో వారు “ఏనుగు”వారయ్యారు. “పాడు” ఔపవిభక్తిక రూపమైన “పాటి” పోయి, విభక్తితో పని లేని జంతువు వచ్చి కూర్చున్నది. భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన వారెందరున్నా, మా వైపు పిల్లల నోట నిలిచినవి ఆయన పద్యాలే. అటువంటి మహాకవి ఇంటిపేరే మారినప్పుడు, కస్తూరివారు ఏ కాలంలో ఎందరని ఎలా లెక్కిస్తాం?

అమలాపురం సభ్యుడు:
లెక్క సంగతికి వద్దాం. 2010 అమెరికా జనగణన వారు కనీసం వంద మందికి ఉన్న ఇంటిపేర్లనే ప్రకటించారు, అవి 1,62,253. స్మిత్‌లు 24 లక్షలు దాటారు. 2000లో సుమారు 1.45 లక్షలున్న పటేల్‌లు పదేళ్ళలో 2.3 లక్షలకు చేరువయ్యారు. వలస వేగం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

కాకినాడ సభ్యుడు:
కనిపించేది పటేల్‌ల వలసే. మన పేర్లు ఊరికొకటిగా చెదిరిపోయి ఉన్నాయి కనుక, చాలావాటికి ఆ వంద గడప దాటడమే కష్టం. పైగా ఇక్కడి పట్టికలలో చాలాచోట్ల ఉండేది పొడి అక్షరమే. “కె.” అంటే కస్తూరివారో, కందుకూరివారో, కొత్తపల్లివారో ఎవరికి తెలుసు? పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఆ అక్షరం పూర్తి పేరుగా విప్పారుతుంది. అందువల్ల అచ్చయిన పట్టికలను నమ్ముకుంటే మన ఇంటిపేర్లు స్వదేశంలో కంటే పరదేశంలోనే స్పష్టంగా దొరుకుతాయి.

యానాం సభ్యురాలు:
ఆ మాట ఇటీవలి వలసలకే సరిపోతుందండీ. కోరంగి రేవు నుంచి కూలికి ఓడలెక్కిన వారి విషయంలో జరిగింది తలకిందులు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువారికి “కోరంగీలు” అన్న పేరు స్థిరపడింది గాని, వారి ఇంటిపేర్లు చాలావరకు నిలవలేదు. గుమాస్తా చిట్టాలో మనిషి పేరు, తండ్రి పేరు రాసుకుంటే, రెండు తరాలకు తాత పేరే వంశనామమైంది. దక్షిణాఫ్రికాలోనైతే నాయుడు అన్న కులబిరుదు “నాయుడూ” అని సాగి ఇంటిపేరైపోయింది. అక్కడ కస్తూరివారెవరైనా దిగి ఉన్నా, నేటి పట్టికలో అప్పన్నగానో రామస్వామిగానో ఉంటారు.

నరసాపురం సభ్యురాలు:
ఆంగ్ల అక్షరాలలో “కస్తూరి” అని దొరికిన వారందరూ మనవారు కారన్నది కూడా గమనించాలి. 1905లో హిందూ పత్రికను కొన్న కస్తూరి రంగ అయ్యంగారికి అది సొంత పేరులోని భాగం. మలయ్ గాథలలో హాంగ్ కస్తూరి అనే వీరుడున్నాడు. అక్షరాలను బట్టి లెక్కిస్తే వీరందరూ ఒకే ఇంటివారవుతారు.

ముమ్మిడివరం మాస్టారు:
మగ సంతానం ద్వారానే సాగే ఇంటిపేర్లలో అనేకం, జనాభా తగ్గకపోయినా, కాలక్రమంలో అంతరించిపోతాయని ఇంగ్లండు పండితులు గాల్టన్, వాట్సన్ 1874లోనే గణితంతో చూపారు. అయితే వారి లెక్కలో దత్తతకు చోటు లేదు. మన సీమలో వంశం నిలవాలని దత్తు తెచ్చుకున్న ఇళ్ళెన్నో! ఆ పిల్లవాడు ఇంటిపేరునూ గోత్రాన్నీ మార్చుకున్నాడంటే, ఆరిపోవలసిన పేరు నిలిచినట్టే.

నరసాపురం సభ్యురాలు:
దత్తత వల్ల ఇంటిపేరు నిలుస్తుందంటే కాదనను మాస్టారూ. నా ఇకారానికి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు. శుభలేఖల మీద “కస్తూరి వారి పెళ్ళిపిలుపు” అనీ “కందుకూరి వారి పెళ్ళిపిలుపు” అనీ అచ్చువేస్తే, ఏ ఇకారం ఊరిదో, ఏది వస్తువుదో మీరు ఏ సూత్రంతో విడదీస్తారు?

ముమ్మిడివరం మాస్టారు:
సూత్రం తరువాత చూద్దామమ్మా. ముందు కస్తూరు అనే ఊరు పేరున్న పాత దస్తావేజు ఒక్కటి పెట్టండి.